వాన రాకముందే తడిసిన గుంత

నలుగురు విద్యార్థినులు కామెర్లతో ఆసుపత్రిలో చేరిన ఉదయం, లేడీస్ హాస్టల్ బోరు మోటారు ఫ్యూజులు నేనే పీకించాను. తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా నాకది చివరి సంవత్సరం. బోరు నీటిలో మురుగు కలిసిందని రెండు రోజులకు పరీక్ష ఫలితం వచ్చింది. ఎలా కలిసిందో నాకు ముందే తెలుసు.

అంతకు మూడు నెలల క్రితం, విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం వస్తుందని కబురందింది. పర్యావరణ పనుల్లో విద్యార్థుల పాత్రకు విడిగా మార్కులుంటాయి. అందుకని హాస్టల్ మేడ మీది వాన నీటిని ఇంకించే గుంతను విద్యార్థుల హరిత సంఘం చేత తవ్వించమని పై అధికారులు చెప్పారు. ఫొటోల్లో హాస్టల్ బోర్డు కనబడాలన్నారు కాబట్టి బోరుకు దగ్గరైనా ముందువైపే స్థలం చూపించాను.

సంఘం నాయకురాలు రేవతి, ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం విద్యార్థిని. ఐరాల దగ్గర రైతు కుటుంబం. ఆమె పార పట్టగానే స్నేహితురాలొకామె, "ఏమ్మే, మీ నాయన చేన్లో వంగని నడుము ఈడ వంగిందే" అంది.

"ఈడైతే ఫొటో తీస్తారు గదమ్మే" అంది రేవతి.

తనిఖీకి వారం ముందు హాస్టల్ మురుగు పైపు పూడిపోయి నీళ్లు దారి మీదికి వచ్చాయి. మరమ్మతుకు వచ్చిన కాంట్రాక్టరు మనుషులు నాకు చెప్పకుండా ఆ పైపును గుంతలోకి కలిపి, పైపు కనబడకుండా మట్టి కప్పేశారు. నేను గుంతకు చెక్ మెజర్‌మెంటు చేశాను. కింది ఉద్యోగి కొలతల పుస్తకంలో రాసిన పొడవు, వెడల్పు, లోతు నిజమేనా అని పై అధికారి టేపుతో సరిచూసి సంతకం పెట్టడమే ఆ పని. గుంతలోకి ఏ నీళ్లు చేరుతున్నాయో రాసే గడి అందులో లేదు. నేనూ అడగలేదు.

రెండు రోజులకు రేవతి గుంత గురించి ఫిర్యాదు ఉత్తరం తెచ్చి, నా చేతికిస్తూ అంది: "గుంతలో తడి ఉండాది సార్, వాసనొస్తాంది. వానే పడల్యా, నీళ్లు యాడనించి వస్తాయి సార్?"

వెళ్లి చూస్తే పైపు సంగతి తెలిసింది. తనిఖీ కాగానే తీయిస్తానని చెప్పి పంపాను. ఆఫీసుకు వచ్చిన కాగితానికి తపాలు నంబరు పడితే జవాబు చెప్పాల్సిందే. తనిఖీ రోజుల్లో ఇబ్బంది పెట్టే కాగితాలను నంబరు వేయకుండా సొరుగులో ఉంచడం మాకు అలవాటు. ఆ ఉత్తరాన్నీ అలాగే ఉంచాను. మంచి గ్రేడు వచ్చింది. వానలు మొదలయ్యాయి. పైపు అలాగే ఉండిపోయింది.

కామెర్లకు కారణం తేల్చడానికి వేసిన విచారణ సంఘం ముందున్న రికార్డు రెండే: విద్యార్థులు తవ్వుతున్న ఫొటోలు, నా కొలతలు. అనుభవం లేని విద్యార్థులు తప్పు చోట తవ్వారని ప్రాథమిక నివేదికలో రాశారు. కింద బాధ్యురాలిగా రేవతి పేరుంది, పైపు మాట లేదు. ఉత్తరం తీసుకెళ్లి ఇచ్చాను. తప్పు నాదని రాసిచ్చాను. నంబరు లేని కాగితం ఎప్పటిదో చెప్పలేమని, నిన్న రాయించింది కూడా కావచ్చని, నేను రాసిచ్చినదాన్నీ దానితోపాటే పక్కన పెట్టారు.

రేవతి తండ్రి ఒకసారి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"గుంత తవ్వింది మా పాపే, కాదనను సార్. పైపు కలిపింది ఎవురో మీకు తెలుసు గదా."

తెలుసన్నాను.

కాగితం చేతికందిన రోజే దానికి నంబరు పడాలి. ఆ తర్వాత చెప్పే నిజాన్ని ఆఫీసు లెక్కలోకి తీసుకోదు. ముప్పై ఏళ్ల సర్వీసు చివర నేను నేర్చుకున్నది అదే.

విద్యార్థినులు కోలుకున్నారు. ఒకమ్మాయి ఆ ఏడాది పరీక్షలు రాయలేకపోయింది. నా పదవీ విరమణ మాత్రం సకాలంలో జరిగింది. తుది నివేదిక ఇంకా రాలేదు. అది వచ్చేదాకా రేవతికి ప్రవర్తన పత్రం ఇవ్వరు. అది లేనిదే పరిశోధనలో సీటు లేదు. ఆమె ఇప్పుడు శ్రీ సిటీలో ఒక కర్మాగారంలో షిఫ్టు పనికి వెళుతోంది.