గులాం నబీ ఎంచిన పెట్టె

పరీక్షించనిదే గులాం నబీ ఏ వస్తువూ అమ్మడని నార్కట్‌పల్లిలో పేరు. తొంభై రెండులో ఒక గది మాటను ఇంకో గదికి కరెంటు తీగల మీదే మోసే ఇంటర్‌కం పెట్టెలు వచ్చాయి. మూడు రకాలు తెప్పించి, పక్కన మిక్సీ తిప్పుతూ మరీ విన్నాడు. రెండింట్లో ఒకటే గరగర. మూడోది ఎంత దూరానికైనా ఖంగున పలికింది. దాన్నే తన వంటింటికీ మేడగదికీ పెట్టుకుని, ఎదురింటి మార్తమ్మకూ ఒక జత అమ్మాడు.

నెల తిరక్కుండానే పెట్టెలో ఎవరివో మాటలు వస్తున్నాయని మార్తమ్మ భర్త చెప్పాడు. నబీ టెస్టర్ పట్టుకుని వెళ్లాడు. ప్లగ్గు పీకబోతుంటే పెట్టె పలికింది.

"పక్కా మాల్ సారూ! నా జబాన్ మీద తీస్కపోండ్రి!"

అచ్చం తన గొంతే, మధ్యలో తన దగ్గుతో సహా. ఆ వెంటే పగలబడి నవ్వు. అది తన భార్య షరీఫున్నీసాదని నబీ పోల్చుకున్నాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె గొంతెత్తి నవ్వగా అతను వినలేదు. వంటింట్లో ఎవరికో తనను అనుకరించి చూపుతోంది. మాట్లాడే మీట ఆపడం మరిచినట్టుంది. రెండిళ్లకూ ఒకే లైను, మాట వీధి దాటేసింది.

"పెట్టె మారుస్త అక్కా," అన్నాడు ఎలాగో.

మార్తమ్మ ప్లగ్గుకు చెయ్యి అడ్డం పెట్టింది. అప్పటికే వాడకట్టు ఆడవాళ్లు నలుగురు లోపలికొచ్చి పీటలేసుకుంటున్నారు.

"మా ఆయనకు ఏం తెల్వదు. జర ఆగు అన్నా, నువ్వు మిక్సీ తిప్పుడు ఇంకా రాలే."