అడుగు లేని దవడ

ఆ పరిశోధన ఓడలో ఆవిడని అందరూ కళ్ళక్క అంటారు. వంటాయన దగ్గర్నుంచి కెప్టెన్ దాకా అదే పిలుపు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని ఒక్కటే: లోతు సముద్రపు చేపల కళ్ళు తీసి, లోపలి పొర చిరగకుండా ఒలిచి పరికరానికి అప్పజెప్పడం. బఠాణీ గింజంత కన్నులోంచి పొర ఒలవడమంటే మాటలా? మనం సూదిలో దారం ఎక్కించడానికే నానా తంటాలు పడతాం.

పనంతా చీకటిగదిలోనే. కంటిపొరలో వెలుగుని పట్టే రంగు ఒకటుంటుంది. దీపం సోకిందా, వెలిసిపోతుంది. ఇక ఆ చేప ఏ రంగులు చూసేదో ఎవరూ చెప్పలేరు. ఎర్ర దీపం మాత్రం పెట్టుకోవచ్చు. అంత లోతుకి దిగేది నీలం వెలుగే, అక్కడి జీవులు ఒంట్లోంచి వెలిగించుకునేదీ చాలామటుకు నీలమే, కాబట్టి ఎరుపు వాటి కళ్ళకి ఆనదు.

అయితే లోకంలో మొండిఘటాలు ఎక్కడైనా ఉంటాయి కదా! కంటి కింద సొంతంగా ఎర్ర దీపం మోసుకుని, ఆ ఎరుపుని తామే చూసుకునే నల్ల చేపలు కొన్ని ఉన్నాయి. అలాంటిదొకటి దొరక్క, పరిశోధన చేస్తున్న అమ్మాయి మూడేళ్లుగా ఆపసోపాలు పడుతోంది. దొరక్కపోతే ఆమె థీసిస్ మొండిగోడే. ఆ మధ్యాహ్నం చివరి వల, వెలుగు చొరని డబ్బాలో చేపలతో, పైకొచ్చింది. మర్నాడు ఓడ తిరుగుముఖం.

అక్క చేతులు కడుక్కుని వచ్చేసరికి, అమ్మాయి ఆత్రం ఆపుకోలేక అరచేయంత నల్ల చేపని ఎర్ర దీపం కింద నల్లగుడ్డ మీద పక్కకి పడుకోబెట్టి, పైకున్న కన్ను తీసేసింది.

"మామూలుదేలెండి అక్కా," అంది నీరసంగా.

అక్క అలవాటుగా చేప నోట్లో వేలు పెట్టింది. ఆ వేలు దవడ కిందనుంచి బయటికొచ్చేసింది. దవడకి అడుగే లేదు!

"దీపం ఆర్పు."

"ఏమైందక్కా?"

"ముందు ఆర్పవే తల్లీ! ఇలా దవడకి అడుగు లేనిది నువ్వు వెతికే చేపే!"

దీపం ఆరింది. అమ్మాయి గొల్లుమంది. "కంటి కింద మచ్చ తెల్లగా కనిపించిందక్కా! ఎర్ర దీపం కింద ఎరుపు తెల్లగానే కనిపిస్తుందన్న ఇంగితం లేకపోయింది. చేతులారా పాడుచేసుకున్నాను!"

"ఏడుపు తర్వాత. రెండో కన్ను గుడ్డకి ఆని ఉంది, దానికి వెలుగు పెద్దగా తగల్లేదు. ఇలాగే తీస్తాను."

"ఏమీ కనిపించకుండానా?"

"నోరు మూసుకుని నుంచో."

కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. చిటికెనవేలుతో కంటి అంచు తడుముకుంటూ, వంపు కత్తెర కొసని గోరు పక్కనే నడిపించింది అక్క. తొందరపడలేదు. నరం తెగిన చప్పుడు అమ్మాయికి వినిపించింది. తర్వాత చల్లటి ఉప్పునీళ్లలో పొర ఒలిచింది, అదీ తడిమే. ఏం చేతులమ్మా అవి! చూసి నేర్చుకుందామన్నా చూడ్డానికి లేదు.

ముప్పావుగంటకి తెర అవతల, పొర ఏ రంగు వెలుగుని పడుతుందో చూపే పరికరంలో గీత కదిలింది. నీలం దగ్గర ఆగకుండా ఎరుపు వైపు సాగింది. అమ్మాయి అక్కని వాటేసుకుంది.

"దవడ తడమాలని ఎలా తట్టిందక్కా మీకు?"

అక్క చేతులు తుడుచుకుంది.

"పదకొండేళ్ల కింద మా పెద్దసారుకి, అప్పట్లో ఈ ఓడ మీద పరిశోధన నడిపినాయనకి, ఇలాంటిదే దొరికింది. రెండు కళ్ళూ ఎర్ర దీపం కిందే తీశాను, చక్కగా తీశానని మురిసిపోయాను కూడా. గీత ఎరుపు వైపు కదల్లేదు. ఎరుపు చూసే చేపలున్నాయన్న తన ఆలోచనే తప్పనుకుని ఆయన ఆ పనే మానేశారు. మర్నాడు మిగిలిన చేపని కడుగుతుంటే దవడ చేతికి తగిలింది. నా ఎర్ర దీపమే ఆ కళ్ళని పాడుచేసిందని అప్పుడు అర్థమైంది. నోరు విప్పలేదు. ఆయన పోయేదాకా విప్పలేదు."

అక్క నోటుపుస్తకం తీసి ఆమె ముందుకి జరిపింది.

"మొదటి కన్ను సంగతి కూడా రాయి," అంది. "ఎలా పాడైందో ఉన్నదున్నట్టు రాయి. నాలా దాచకు."