ఆగినంక వస్తనన్న అక్క

బహదూర్‌పురాలో మా ప్రసూతి కేంద్రానికి పెద్దాసుపత్రి డాక్టరమ్మ నెలకొక గురువారం వచ్చి ఆడవాళ్ళకు గర్భసంచి మూతి పరీక్ష చేసేది. క్యాన్సర్ ముదరకముందే దొరకబట్టే పరీక్ష అది. నేనక్కడ నర్సును. ఊరికే బోర్డు పెడితే ఎవరొస్తారు? ఎమర్జెన్సీలో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల కోసం జనాన్ని పట్టుకుపోయిన రోజులు ఇంకా ఎవరూ మరిచిపోలేదు, తెల్లకోటు కనబడితే తలుపులు వేసుకునేవాళ్ళు. అందుకని వాళ్ళు నమ్మే మనుషుల్నే పట్టుకున్నాం. యునానీ దవాఖానాలో మందులిచ్చే, అందరూ ఆపా అని పిలిచే ముస్లిం పెద్దావిడ, ఇళ్ళకెళ్ళి కాన్పులు చేసే మంత్రసాని, పిల్లలకు టీకాలు వేసే పక్కగది వాళ్ళు, అందరికీ ఒకటే మాట నేర్పించాం. ముట్టులో ఉంటే రావద్దు, నెత్తురు ఆగినంక రావాలి. నెత్తురుంటే పరీక్ష సరిగా తేలదని డాక్టరమ్మ చెప్పింది.

మాట గల్లీ గల్లీకి పాకింది. గురువారం వస్తే బెంచీలు నిండిపోయేవి. నాకు గర్వంగా కూడా ఉండేది, ఎందుకు దాచాలి.

రానిది మాకు రోజూ పాలు పోసే అక్క ఒక్కతే. బర్రెలు పెట్టుకుని బతికే ఇల్లు, నలభై దాటిన మనిషి. అడిగినప్పుడల్లా ఈసారి కాదు సిస్టరమ్మా, మళ్ళొస్త అనేది. భయమనుకున్నాను. నా నోరు అసలే మంచిది కాదు. బర్రె కొమ్ములకు భయపడవు గానీ డాక్టరమ్మకు భయపడతావా అని ఎగతాళి చేసేదాన్ని. ఆమె నవ్వి పాలు కొలిచి పోయేది. మొహం మాత్రం రానురాను పాలిపోతున్నది.

సంక్రాంతి దగ్గరపడ్డాక ఒకరోజు పాలు ఆమె పెనిమిటి తెచ్చాడు. ఎందుకో మనసొప్పక, వెంటనే వాళ్ళింటికి పోయాను. దాణా బస్తాల పక్కన పాత చీరలు పరుచుకుని పడుకుని ఉంది. ఆ గదిలో ఒక వాసన తగిలింది. అలాంటి వాసన నేను క్యాన్సర్ వార్డులో చూశాను. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని గట్టిగానే అడిగాను.

"ఆగినంక రమ్మంటిరి గద సిస్టరమ్మా. బోనాల సంది చూస్తున్న. ఇంకా ఆగలే."

ఆమెకు భయం లేదు. చెప్పినట్టు విన్నది, అంతే. ఆపా అదే చెప్పింది, మంత్రసాని అదే చెప్పింది. ఏ నెత్తురు చూసి పరుగెత్తుకు రావాలో ఆ నెత్తురు ఆగాలని చూస్తూ కూర్చున్నది.

అప్పటికప్పుడు రిక్షా ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ చూసి, చేతులు కడుక్కుంటూ, బాగా ముదిరిపోయిందని నాకు ఇంగ్లీషులో చెప్పింది. బల్ల మీదున్న అక్క మాత్రం దుప్పటి ఖరాబు చేసినని బాధపడింది. ఆమె ఉగాది దాకా ఉండలేదు. ఇన్నేళ్ళైనా ఆ గొంతు నన్ను వదల్లేదు. వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా వినిపిస్తుంది.

దినాలు అయిపోయాక ఆ గల్లీలో పరీక్షకు రాని ఇళ్ళన్నీ తిరిగాను. భయమా అని ఎవర్నీ అడగలేదు. నెత్తురు ఆగకుండా పోతుంటే ఇవాళే రండి, ఒక్క పూట కూడా ఆగొద్దు అని చెప్పాను. ఒకింట్లో బియ్యం చెరుగుతున్న కోడలు చాట పక్కన పెట్టి లేచింది. చెప్పులేసుకుని నాతో వాకిలి దాటాక, అత్తకు వినబడకుండా అన్నది.

"నాది గూడ ఆగుతలేదు."