పిల్లకంటే ముందు బ్యాండుకు చెప్పిన

"ఓ శీనూ! అరేయ్ శీనుగా! లే రా, మనింటి ముందట బ్యాండోళ్ళు దిగిన్రు!"

మొన్న ఆదివారం పొద్దుగాల మా అమ్మ పెట్టిన కేక ఇది. నేను దుప్పటి నిండ కప్పుకొని పండుకున్న. కలల రజిత ఉన్నది, ఎనుక క్లార్నెట్ మోగుతున్నది. ఎంత మంచి కల అనుకుంట ఇంకో దిక్కు మర్లిన. అమ్మ దుప్పటి గుంజింది. రజిత పోయింది. క్లార్నెట్ పోలే!

కిటికీలకెళ్ళి చూసిన. ఎర్ర కోట్లు, బంగారు రంగు లేసు, నెత్తిమీద కుచ్చు టోపీలు. పన్నెండు మంది! నడుమ తోపుడు బండి, దానిమీద బ్యాటరీ, రెండు మైకు గొట్టాలు. మా బర్రె బెదిరి పలుపు తెంపుకునేటట్టున్నది.

"ఎవలి పెండ్లిరా?" అన్నది అమ్మ.

నాకు చెమటలు వట్టినయ్. ఎందుకంటే ముందట నిలబడ్డ మాస్టర్‌ను పిలిచింది నేనే. కాని గిట్ల రమ్మని కాదు!

మొదటి సంది చెప్త. నవ్వొద్దు మరి.

రజితోళ్ళది లక్డారంల మా ఎనుక గల్లి. బొల్లారంల మా కంపెనీలనే ప్యాకింగ్ సెక్షన్ల చేస్తది. కంపెనీ బస్సుల నాకంటే రెండు సీట్ల ముందు కూసుంటది. ఏడాది సంది ఆమె జడను చూసుకుంట డ్యూటీకి పోతున్న, జడను చూసుకుంట ఇంటికొస్తున్న. ఒక్క మాట చెప్దామంటే నోరు పెగలదు. పోయిన నెల బస్సుల ఎవరితోనో అంటున్నది, "దసరా ఎల్లంగనే మా ఇంట్ల సంబంధాలు చూస్తరంట" అని. ఇగ నాకు బుక్క దిగలే. దసరా ఇంకా ఎంత దూరమున్నదని!

అప్పుడే ఆమె వాట్సాప్ స్టేటస్‌ల ఒక ఫోటో పెట్టింది. పాతకాలపు పెండ్లి బ్యాండు, దాని ముందట రెండు చేతులు లేపి ఎగురుతున్న వాళ్ళ తాత. కింద మూడు లవ్ గుర్తులు. ఓహో, ఈ పిల్లకు పాత సంగీతమంటే పానమన్నట్టు! నాకు గూడ పానమే. ఆ నిమిషం సంది.

"సంగారెడ్డిల పాట బతికిన జాగలు చూపిస్త, వస్తవా?" అని మెసేజ్ కొట్టిన. ఏదో ఒక జాగల, పాత గోడకు ఆనుకొని, మనసుల మాట చెప్పేయాలని ప్లాన్.

"వస్త" అన్నది.

మంచం మీద నిలబడి ఎగిరిన. రెండు నిమిషాలకు ఇంకో మెసేజ్.

"తాత గూడ వస్తడంట."

బ్యాండోళ్ళు దిగేటందుకు వారం ముందటి ఆదివారం. షేర్ ఆటోల ఈ చివర నేను, ఆ చివర రజిత, నడుమ మల్లయ్య తాత. తాత రుమాలు గాలికి లేసి నా మొఖం మీద కొడుతుంటే అదే సంగీతమనుకున్న.

మొదటి జాగ పాత టాకీసు. సినిమాకు ముందు మిద్దె మీద మైకుల పాటలేస్తే చుట్టుపక్కల ఊర్లోళ్ళు పొలాల పని ఆపి తయారయ్యేటోళ్ళని మా బాపు చెప్పిండు. పోయి చూస్తే అది టైల్స్ దుకాణం. తెర ఉన్న గోడ పొడుగున బాత్రూమ్ టైల్స్ నిలబెట్టిన్రు. అయినా నేను కండ్లు మూసుకొని అన్న, "రజితా, ఇక్కడ ఎన్ని ప్రేమ పాటలు మోగినయో! నాక్కూడ ఒక మాట..."

"సార్, కిచెన్ కే లియే దిఖావూ?" అన్నడు బిహార్ సేల్స్ పిలగాడు. "మేడమ్ కో యే డిజైన్ అచ్ఛా లగేగా. నయా ఘర్ హై నా?"

కొత్తిల్లు కట్టుకున్న మొగుడు పెండ్లాలమనుకున్నడు. నేను ఎర్రగైన. రజిత టైల్స్ దిక్కు తిరిగింది. తాత మాత్రం, "గచ్చు జారుతదా?" అని కాలు పెట్టి చూసిండు.

రెండో జాగ క్యాసెట్ల రికార్డింగ్ సెంటర్. ఎనుకట పాటల చీటీ రాసిస్తే ఖాళీ క్యాసెట్ల నింపి ఇచ్చేటోళ్ళు. ఇప్పుడది ఫోన్ కవర్ల దుకాణం. క్యాసెట్ల కోసం చేయించిన చిన్న చిన్న అర్రలల్ల ఫోన్ కవర్లు పెట్టిన్రు. సేటు మాత్రం ఆ పాత సేటే. వంగి ఒకని ఫోనుకు స్క్రీన్ గార్డ్ అతికిస్తున్నడు. తాత ఆయనను చూడంగనే గరం అయిండు.

"నా క్యాసెట్ ఏదిరా?"

"ఏ క్యాసెట్ తాతా?"

"నా బిడ్డ లగ్గానికి పాటలు నింపుమని ఇచ్చిన గదా! రేపు రా అన్నవు."

"మీ బిడ్డ లగ్గం ఎప్పుడైంది?"

"గీ పిల్ల మా బిడ్డ బిడ్డే" అని రజితను చూపించిండు తాత. సేటు ఆమెను కిందికి మీదికి చూసి, "రేపు రా తాతా, ఇస్త" అన్నడు. గా లొల్లిల నా మాటకు మళ్ళ జాగ దొరకలే.

ఇగ మిగిలింది బ్యాండోళ్ళ గల్లి. ఒకప్పుడు అటు ఇటు బ్యాండు దుకాణాలేనంట. లగ్గాల దినాలల్ల తారీకుల కోసం జనం లైను కట్టేటోళ్ళంట. ఇప్పుడు అన్ని డీజే బాక్సుల దుకాణాలే. ఒక్కో బాక్సు మా వంటింటంత ఉన్నది. వాటి నడుమ ఒక్క అర్ర మిగిలింది. గోడకు ఎర్ర కోట్లు, కింద సొట్టలు వడ్డ డ్రమ్ములు, కుర్చీల తెల్ల మీసాల యాదగిరి మాస్టర్. రజిత బయట ఫోటోలు తీస్తున్నది. తాత లోపటికి పోంగనే ఒక డ్రమ్ము మీద కూసున్నడు.

"జెర ఊదుర్రి మాస్టర్" అని బతిమాలిన.

ఆయన క్లార్నెట్ తుడిచి, పక్క దుకాణంల డీజే టెస్టింగ్ ఆగేదాక చూసి, మెల్లగ మొదలువెట్టిండు. అయ్యో, ఏం చెప్పాలె! అప్పగింతలప్పుడు ఊదే రాగం. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. గింత గొప్ప మనిషికి వట్టి చేతులతోని దండం పెడతమా? ఉరికి పాన్ డబ్బాల ఆకు, వక్క తెచ్చి, నూటపదహార్లు పెట్టి, ఆయన చేతుల పెట్టి, కాళ్ళు మొక్కిన.

మాస్టర్ ఆ ఆకును కండ్లకద్దుకున్నడు. "మస్తు దినాలైంది బిడ్డా, ఎవలన్న గిట్ల ఇచ్చి" అన్నడు.

"మీరొకసారి మా ఊరికి రావాలె మాస్టర్. మీరు ఊదితె మా గల్లి గల్లి వినాలె!"

"ఏ దినం?"

"వచ్చే ఆదివారం ఇంటికాడనే ఉంట."

ఆయన పాత డైరీ తీసి నా పేరు, ఊరు, ఇంటి గుర్తు రాసుకున్నడు. నన్ను అభిమాని కింద రాసుకుంటున్నడని నేను పొంగిపోయిన. డ్రమ్ము మీద తాత దగ్గిండు. ఆ దగ్గు ఎందుకో అప్పుడు తెల్వలే.

ఇగ మళ్ళ మా వాకిట్లకు రండి.

"ఆకు వక్కల పైసలు పెట్టి చేతుల పెడితే బయానా గాకపోతే ఏందయ్యా? అడ్వాన్సు ఇచ్చినట్టే గదా!" అంటున్నడు మాస్టర్. "మా తాతల కాడికెళ్ళి గంతే. ఆకు పట్టినమంటే బ్యాండు వచ్చుడే. వీళ్ళందరు డ్యూటీలు మార్చుకొని వచ్చిన్రు. ట్రంపెటాయన కంపెనీ వాచ్‌మన్, డ్రమ్ములాయన ఆటో బందు పెట్టి వచ్చిండు."

పన్నెండు మొఖాలు నా దిక్కు చూస్తున్నయ్. కోట్లు ఇస్త్రీ చేయించుకొని వచ్చిన్రు పాపం. వాపస్ పొమ్మని ఎట్ల అనాలె?

అమ్మకు ఇంకో అనుమానం. చీపురు పట్టుకొనే ఏడుపు మొదలువెట్టింది. "రిజిస్టర్ ఆఫీసుల చేసుకొని వచ్చినవారా? పిల్లను ఏడ దాచినవ్?"

"అమ్మా, ఏం చేసుకోలే!"

మాస్టర్ నన్ను ఊకోబెట్టి మైకు నా మూతి కాడ పెట్టిండు. "పరేషాన్ గాకు బిడ్డా. పిల్ల పేరు చెప్పు, అనౌన్స్ చేస్త."

"పెండ్లే లేదు మాస్టర్! ఆ పిల్లకు నేనింకా చెప్పనే లేదు!"

"పిల్లకు చెప్పకుంట బ్యాండుకు చెప్పినవా?"

"భయమయితది మాస్టర్! మా ఎనుక గల్లి రజిత. ఏడాది సంది ఆమె అంటే నాకు పానం. జడను చూసుడే గాని ఒక్క మాట చెప్పరాలే!"

"రాలే... రాలే... రాలే..." అన్నది ఊరు. అప్పుడు చూసిన, మైకు ఆన్ల ఉన్నది. గొట్టాలు రెండు సక్కగ ఎనుక గల్లి దిక్కే తిప్పి ఉన్నయ్!

బర్రె గూడ గుంజుడు ఆపింది.

జెర సేపటికి సందు మలుపుల రజిత కనబడ్డది. తలస్నానం నడుమల లేసి వచ్చినట్టుంది, నెత్తికి తువ్వాల చుట్టి ఉన్నది. ఎనుక మల్లయ్య తాత, మొఖం నిండ నవ్వు.

"ఆకు వక్క ఇచ్చేటప్పుడే చూసిన పిలగా" అన్నడు తాత. "నీకు ధైర్యం తక్కువ. బ్యాండోళ్ళు సాయం చేస్తరులే అని ఊకున్న."

రజిత నా ముందట నిలబడ్డది. మాస్టర్ మైకు ఆమె దిక్కు జరిపిండు. ఆమె గొట్టాలను చూసింది, మా అమ్మను చూసింది, పన్నెండు కుచ్చు టోపీలను చూసింది.

"శీనూ, నాకు బ్యాండంటే ఇష్టం లేదు" అన్నది. ఊరంత విన్నది. "ఆ ఫోటో తాత పెట్టుమంటె పెట్టిన. నాకు డీజేనే ఇష్టం."

నా పానం టైల్ లెక్క కింద వడి పగిలింది. "మరి ఆ దినం సంగారెడ్డికి ఎందుకొచ్చినవ్?"

ఆమె మైకును చేతుల తీసుకున్నది. చెవులు ఎర్రగైనయ్.

"నువ్వు పిలిచినవని వచ్చిన. లేకుంటె ఆదివారం పూట టైల్స్ దుకాణం ఎవలు చూస్తరు?"