గడువు దాటిన దావా

మొన్న మా వీధిలో కూరలమ్మే అమ్మాయిని కారు గుద్దిందంటే ఆస్పత్రికి చూడబోయాను. మంచం పక్కన ఒక లాయరమ్మ కూర్చుని, పోలీసు కేసు వేరు, నష్టపరిహారం కేసు వేరు అని ఆ పిల్లకి ఓపిగ్గా విడమరిచి చెబుతోంది. నేనక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను. ఆ రెండు కేసుల సంగతీ పందొమ్మిది వందల యాభైల తొలినాళ్ళలో నాకూ ఒకాయన అంత చక్కగానే చెప్పాడు. ఆయన మా బాబాయి.

మాది బండారులంకలో నేత కుటుంబం. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళుంటాయేమో. నేసిన చీరల మూట సైకిలు వెనక కట్టుకుని అమలాపురం వెళుతున్నాను. ఆ రోజుల్లో మా దారిన కారు రావడమంటే వేడుకే గనక, హారను వినబడగానే దిగి, కాలవ గట్టు వారగా నిలబడి చూస్తున్నాను. బియ్యం మిల్లు ఆసామి గారి కారది. డ్రైవరు మలుపులో వేగం తగ్గించకుండా తిప్పేసరికి, సరాసరి నా మీదికే వచ్చి, నన్నూ సైకిలునూ కలిపి గట్టుకి నొక్కేసింది.

ఎముకైతే అతుక్కుంది గాని కుడి మోకాలు మళ్ళీ వంగలేదు. గుంట మగ్గం మీద నేసేవాడికి చేతులెంతో కాళ్ళూ అంతే. గుంటలోకి కాళ్ళు దించుకుని, కింది చెక్కలు ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూంటేనే గుడ్డ పడేది. వంగని కాలితో నేను గుంటలోకి దిగనే లేకపోయాను.

అమలాపురం కోర్టులో డ్రైవరు మీద కేసు నడిచిన రోజున, న్యాయాధికారి నన్ను పిలిచి నా కాలు సంగతి అడుగుతారని కర్ర పట్టుకుని వరండాలో నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. డ్రైవరు తప్పు ఒప్పుకున్నాడు, జరిమానా కట్టి వెళ్ళిపోయాడు. ఆ జరిమానా సర్కారుకే పోతుందని, నాకొచ్చేది ఏమీ లేదని అప్పటికి నాకు తెలియదు.

మా బాబాయి అక్కడే ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తా. మా ఇంట్లో చదువుకున్నవాడు ఆయనొక్కడే. నాకు అక్షరాలు దిద్దించినవాడు, దెబ్బ తగిలిన రోజున నన్ను ఎత్తుకుని ఆస్పత్రి మెట్లెక్కినవాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఇప్పుడు జరిగింది సర్కారు వారి కేసనీ, నా నష్టం నాకు రావాలంటే ఆసామి మీద విడిగా దావా వెయ్యాలనీ చెప్పాడు. అంతా విని నాన్న ఆయన రెండు చేతులూ పట్టుకుంటే, “నేను లేనేంటి అన్నయ్యా! ఆయన పెద్దమనిషి, రాజీకొస్తారు. తొందరపడి కోర్టుకెక్కితే బిగుసుకుపోతారు. నే చూసుకుంటాను గదా,” అన్నాడు.

మేం తొందరపడలేదు. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. అడిగినప్పుడల్లా మాటలు నడుస్తున్నాయనేవాడు. ఆ మధ్యనే వాళ్ళ పెద్దబ్బాయికి ఉద్యోగం వచ్చిందని పిన్ని సున్నుండలు చేసి ఇంటింటికీ పంచితే, తమ్ముడు ఒక దారిన పడ్డాడని సంతోషించి నేనూ తిన్నాను.

మళ్ళీ ఎండాకాలం వచ్చి వెళ్ళింది. ఇక ఉండబట్టలేక, బాబాయికి చెప్పకుండానే వేరే ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విని, దెబ్బ ఎప్పుడు తగిలిందని అడిగారు. కిందటేడు వైశాఖంలోనండి అన్నాను. అప్పటికి ఆషాఢం నడుస్తోంది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, “ఒంటికి తగిలిన దెబ్బకి ఏడాదిలోపే దావా పడాలయ్యా. నీ గడువు దాటిపోయింది,” అన్నారు. మా బాబాయికి ఈ సంగతి తెలియదేమోనండి అన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి, “వాళ్ళ ఆఫీసులో గడువులు చూసేదే ఆయన గదయ్యా,” అన్నారు.

అట్నుంచి అటే బాబాయి ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కర్ర మీద వస్తున్న నన్ను చూసి పిన్ని లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చింది. అది పుచ్చుకోకుండానే అడిగాను.

“ఏడాది దాటితే దావా చెల్లదని నీకు తెలుసా బాబాయ్?”

“ఆయ్, తెలుసు,” అన్నాడు. నేల చూపులు చూస్తూ, “మావోణ్ణి ఆసామి గారు తమ మిల్లులోనే పెట్టుకున్నారు. నీ దావా నా చేత్తో ఎలా వేయించమంటావురా?” అన్నాడు.

పిన్ని చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆవిడకి తెలియదనుకుంటాను. నేను లేచి, కర్ర పట్టుకుని నడిచి వచ్చేశాను.

ఇంట్లో చెబితే అమ్మ ఏడ్చింది. నాన్న బతికున్నన్నాళ్ళూ తమ్ముడి గుమ్మం తొక్కలేదు. నా మగ్గం గుంటలోకి మా చెల్లెలు దిగింది. ఇంట్లో ఆడవాళ్ళు చేసే పని, కండెలకి నూలు చుట్టడం, నేను తీసుకున్నాను. అది నేసేది, నేను చుట్టేవాణ్ణి. ఇల్లు గడిచింది.

ఇప్పుడు చట్టాలు మారాయి. దెబ్బ తిన్నవాడికి తన హక్కేమిటో చెప్పే మనుషులు మంచం దగ్గరికే వస్తున్నారు. ఆ పిల్లకి ఎవరి అరుగు దగ్గరా కాచుకునే అవసరం లేదు. మంచిదే. అయినా ఆ ఏడాదంతా, కాలు సలుపుతున్నా సరే, బాబాయి ఉన్నాడు గదా అనుకుని హాయిగా నిద్రపోయేవాణ్ణి. తర్వాత ఎందరో మంచివాళ్ళు తారసపడినా, కన్నకొడుకు చెప్పినదైనా మరొకరిని అడిగి గాని నమ్మడం నాకు చేతకాలేదు. అంత నిశ్చింతగా నిద్ర మళ్ళీ ఎన్నడూ పట్టలేదు.