పగటి నీళ్ళు అడిగిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. సోమవారం పొద్దున, ఆసుపత్రిలో. "ప్రశాంతంగా వెళ్ళిపోయిందమ్మా" అని పరామర్శకొచ్చినవాళ్ళంతా ఒకటే ఓదార్పు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ ఏనాడు ప్రశాంతంగా ఉంది గనుక! ఆఖరి రోజు కూడా నర్సుని పట్టుకుని, "మీ డాబా మీద అంత ఎండ ఊరికే పోతోంది, మీ పెద్దలు ఏం చేస్తున్నారమ్మాయ్?" అని నిలదీసింది.

దర్శి దగ్గర మా ఊళ్ళో పొలాలకి కరెంటు రాత్రిపూటే ఇచ్చేవాళ్ళు. మిరపతోటకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన పెదనాన్న మోటారు దగ్గర షాక్ కొట్టి చనిపోయాడు. కర్మకాండ అయిన మర్నాడే పెద్దమ్మ నన్ను పిలిపించింది. నేను బళ్ళో టీచర్ని.

"కాగితం తెచ్చుకోవే, రాయి" అంది.

"ఎవరికి పెద్దమ్మా?"

"ఎవరికేంటి, గవర్నమెంటుకి. ఎండతో తిరిగే మోటార్లు వచ్చాయని పేపర్లో చదివి చెప్పింది నువ్వేగా. కరెంటు మోటారుకిచ్చే సాయం దానికీ ఇచ్చేట్టు రూలు పెట్టమను. పగలు నీళ్ళు పెట్టుకుంటాం, రాత్రి మా మగవాళ్ళు ఇంట్లో పడుకుంటారు. మేం అడిగేది గొంతెమ్మ కోరికా?"

అప్పట్నించి ఏళ్ళ తరబడి ఆవిడ చెప్పడం, నేను రాయడం. "విన్నవించుకుంటున్నాము" అని రాస్తే ఒప్పుకునేది కాదు. "అడుగుతున్నాం అని రాయి. ఎండ వాళ్ళ బాబు సొత్తా?" అనేది. ఆ మాట మాత్రం నేను రాయలేదు. రాయాల్సింది.

సంతకాలకి పంచాయతీ ఆఫీసుకి రమ్మంటే ఎవరొస్తారు? అందుకని మిరపకాయలు ఆరబోసిన కల్లాల్లోకే వెళ్ళేది. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళ మధ్య చతికిలబడి, తనూ ఏరుతూ, ఒక్కొక్కళ్ళ చేతా వేలిముద్ర వేయించేది. ఆ కాగితాలు నలగకుండా ఎండుమిరపకాయల గోతాంలోనే దాచింది మహాతల్లి! గుంటూరులో కరెంటు సంగతుల మీద జనం మాట వినడానికి ఏటా ఓ సభ పెడతారు. అక్కడ అధికారి ఆ కట్ట విప్పి దులిపాడు. ఇంకేముంది, వేదికంతా తుమ్ములే తుమ్ములు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దమ్మ మాత్రం మైకు వదల్లేదు.

"తుమ్మండి బాబూ, ఫర్వాలేదు. మేం మాట్లాడితే తలెత్తరు, తుమ్మడానికన్నా ఎత్తారు."

కళ్ళు తుడుచుకుంటూ ఆయన, "మీరడిగేది పాలసీలో లేదమ్మా" అన్నాడు.

"లేకపోతే రాయండయ్యా! ఉన్నది మాత్రం ఆకాశంలోంచి ఊడిపడిందా? మీలాంటివాళ్ళే కుర్చీలో కూర్చుని రాశారుగా."

హాలు హాలంతా చప్పట్లు. రూలు మాత్రం రాలేదు. "పరిశీలనలో ఉన్నది" అని ఉత్తరం వచ్చేది. "ఇన్నేళ్ళు పరిశీలిస్తే రాయిలోనైనా నీరొచ్చేది" అని విసుక్కుని, మళ్ళీ చెప్పులేసుకుని కల్లాలకి బయల్దేరేది. ఆ మొండితనంలో నాకు పిసరంత అబ్బినా చాలు. నాకు పిల్లల చేత రాయించడమే తెలుసు, అడగడం నేర్పింది ఆవిడే.

ఈ ఏడు సభకీ మంచం పట్టకముందే పేరిచ్చింది. అది నిన్ననే జరిగింది. పెద్దకర్మ కూడా కాలేదు, అప్పుడే ఏం తొందరని ఇంట్లో అన్నారు. వెళ్ళాను. మా ఊరి ఆడవాళ్ళు తొమ్మిదిమంది కూలి మానుకుని నాతో బస్సెక్కారు.

అధికారి పెద్దమ్మ పేరు పిలిచాడు. "చనిపోయారండి" అన్నాను. "అయ్యో" అన్నాడు. జాబితాలో ఆ పేరు కొట్టేసి, పెన్నుకి మూత పెట్టి, తర్వాతి కాగితం అందుకున్నాడు.

నా వెనకనుంచి ఒకామె లేచింది. ఏనాడూ నలుగురిలో నోరు విప్పిన మనిషి కాదు. తిన్నగా మైకు దగ్గరికి నడిచింది.

"ఆమె పేరు కొట్టేశారు, సరే. మా ఆయన ఇవాళ రాత్రి కూడా మోటారు దగ్గరికే పోవాలి. నా పేరు రాసుకోండి."

ఆమె వెనకే మిగతా ఎనిమిదిమందీ వచ్చి వరసగా నిలబడ్డారు. అధికారి గోడ గడియారం వంక చూశాడు. ఎవరూ కదల్లేదు. పెన్ను మూత మళ్ళీ తీశాడు.