నర్సమ్మ మోపెడ్ సైలెన్సర్

నా చిన్నప్పుడు మా నానక్‌రామ్‌గూడలో బండి నడిపే ఆడమనిషి ఒక్కరే ఉండేవారు. మా ఇంటి ముందు గదిలో కిరాయికి దిగిన నర్సమ్మ. గుంటూరు వైపు మనిషి, సర్కారు దవాఖానలో ఉద్యోగం. చుట్టుపక్కల పల్లెలకు తిరిగి పసిపిల్లలకు టీకాలు వేయడం ఆమె పని. ఆమె అసలు పేరు నాకు తెలుసు గానీ ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. నేనూ ఇక్కడ నర్సమ్మ అనే అంటాను. అప్పటి మా ఇల్లు ఉన్న చోట ఇప్పుడు అద్దాల ఆఫీసు లేచింది. దాని ముందు షేర్ ఆటోలు ఆగుతాయి. నల్లగండ్ల నుంచి ఆ వైపు వెళ్లినప్పుడు మా వాకిలి ఎక్కడుండేదో నేను సుమారుగా చెప్పగలను, అంతే.

నర్సమ్మకు ఒక పాత మోపెడ్ ఉండేది. ఆమె నాన్నగారికి తెనాలిలో మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డు ఉండేదట. ఆడపిల్లవి నీకెందుకు అనకుండా ఆయన చేతికి పానా ఇచ్చి పని నేర్పారట. అందుకే బండికి ఏమొచ్చినా ఆమె మెకానిక్ కోసం లింగంపల్లి దాకా తోసుకుపోయేది కాదు. మా వాకిట్లోనే గోనెసంచి పరిచి, చీర కుచ్చిళ్లు దోపుకొని కూర్చునేది. నేను ఎదురుగా గొంతుక్కూర్చుని చూసేదాన్ని. నాకప్పుడు పదేళ్లు. ఐదో తరగతి అయిపోయిన వేసవి సెలవులు.

ఆ వేసవిలో మోపెడ్‌కు బలం తగ్గింది. చదును దారిలో ఎలాగో నడిచేది గానీ, ఖాజాగూడ గుట్టల మీదుగా పోయే ఎత్తు దగ్గర ఆయాసపడి ఆగిపోయేది. ఒక ఆదివారం నర్సమ్మ సైలెన్సర్ విప్పింది. సైలెన్సర్ అంటే ఇంజన్ నుంచి పొగను బయటికి తీసుకుపోయే పొడవాటి గొట్టం. దాని చివర ఒక స్క్రూ ఉంటుంది. అది తీస్తే లోపలి నుంచి జానెడు పొడవున ఇంకో సన్నని గొట్టం బయటికి వస్తుంది. దాని ఒంటినిండా చిల్లులు. ఆ చిల్లులన్నీ నల్లటి మసితో పూడుకుపోయి ఉన్నాయి. నర్సమ్మ దాన్ని మా అమ్మ పొయ్యిలోని నిప్పుల మీద ఎర్రగా కాల్చి, చల్లారాక రాతి మీద తట్టింది. మసి పెచ్చులు పెచ్చులుగా రాలింది. మిగిలినదాన్ని ఇనుప తీగతో ఒక్కో చిల్లులోంచి పొడిచి తీసింది. అంతా బిగించి బండి తీస్తే, మర్నాడు గుట్ట ఎత్తును ఎక్కడా ఆగకుండా ఎక్కిందని చెప్పింది.

అది విన్న దగ్గర నుంచి నా బుర్ర ఊరుకోలేదు. పొగ పోయే చిల్లులు పూడిపోతే బండి లాగలేదు. చిల్లులు తెరిస్తే లాగింది. మరి ఆ గొట్టమే లేకపోతే పొగ ఇంకా తేలిగ్గా పోతుంది, బండి ఇంకా బాగా లాగుతుంది. ఈ లెక్క నాకు ఎంత నచ్చిందంటే దాన్ని ఎవరికైనా చెప్పి సరిచూసుకోవాలని కూడా తోచలేదు. నర్సమ్మకు నా తెలివి చూపించాలనిపించింది.

ఆ వారంలోనే గుట్ట అవతల రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెలకు టీకాలకు వెళ్లే రోజు వచ్చింది. అక్కడికి నెలకు ఒక్కసారే వెళ్లేది. పేర్లు రాయడానికి ఈసారి నన్నూ తీసుకెళ్తానంది. ఆ పొద్దున ఆమె స్నానానికి వెళ్లినప్పుడు నేను ఆమె పానాల సంచి తెరిచాను. స్క్రూ తేలిగ్గానే వచ్చింది. చిల్లుల గొట్టం తీసి, నా పాత గౌనులో చుట్టి, మంచం కింద బియ్యం డబ్బా వెనక పెట్టాను. బండి గుట్ట మీదికి దూసుకుపోయాక, పైన ఆగినప్పుడు చెప్పి ఆశ్చర్యపరచాలని నా ఆలోచన.

నర్సమ్మ బండి తీయగానే వాకిలి దద్దరిల్లింది. కోళ్లు గోడెక్కాయి. ఆమె వెంటనే ఆపి, వంగి, సైలెన్సర్ చివర వేలు పెట్టి చూసింది.

"మొన్న స్క్రూ సరిగ్గా బిగించినట్టు లేనండి. గొట్టం ఊడి దారిలో ఎక్కడో పడిపోయింది" అంది మా అమ్మతో. "నాదే అశ్రద్ధ."

"ఫికర్ చెయ్యకు, బండైతే నడుస్తది గద" అంది అమ్మ. "పొద్దెక్కుతుంది. జర జల్ది పోయి రాండ్రి."

అప్పుడే చెప్పాల్సింది. నర్సమ్మ తప్పును తన మీద వేసుకోవడం నేను విన్నాను. అయినా, గుట్ట ఎక్కాక అన్నీ సర్దుకుంటాయిలే అనుకున్నాను. ఐసు వేసిన టీకాల డబ్బాను ఒళ్లో పెట్టుకొని వెనక కూర్చున్నాను.

చదును దారిలో బండి నేననుకున్నట్టే పోయింది. ఆ మోతకు అదెంతో వేగంగా పోతున్నట్టు అనిపించి లోలోపల పొంగిపోయాను. ఎత్తు మొదలైన కొద్దిసేపటికే సంగతి మారింది. మోత అలాగే ఉంది, లాగుడు లేదు. నర్సమ్మ పెడల్ తొక్కింది. ఇంకాస్త దూరం పోయి ఇంజన్ ఆగిపోయింది. మళ్లీ తీస్తే మళ్లీ ఆగింది. చివరికి ఇద్దరం దిగాం. ఆమె బండి తోస్తుంటే నేను డబ్బాను నెత్తిన పెట్టుకొని వెనక నడిచాను. ఆమె చేతి గడియారం వైపు చూసుకుంటూ ఉంది. ఎందుకో నాకు తెలుసు. అక్కడి తల్లులు పిల్లల్ని చంకనేసుకొని పనికి పోతారు. వాళ్లు పోకముందే మేం చేరాలి.

మేం వెళ్లేసరికి గుడిసెల దగ్గర ఒక ముసలమ్మ మాత్రమే ఉంది.

"గిప్పుడొస్తివా బిడ్డా? నీ కోసం శానా సేపు చూసిన్రు. మేస్త్రి ఊకుంటడా? ఇగ పనికి పోయిన్రు" అంది.

"తప్పు నాదే పెద్దమ్మా. బండి సరిగ్గా చూసుకోలేదు" అంది నర్సమ్మ.

ముసలమ్మ వెంట ఆ ఎండలో రాళ్లు కొట్టే చోటికి నడిచాం. అక్కడున్న ఆడవాళ్లు సుత్తులు పక్కన పెట్టి, కొంగుతో పిల్లల ముఖాలు తుడిచి ఒక్కొక్కరే వచ్చారు. నేను పేర్లు రాశాను. అందరికీ అయింది, ఒక్క పిల్లవాడికి తప్ప. వాడు ఆ ముసలమ్మ మనవడే, పది నెలలవాడు. వాడి తల్లిని ఆ పొద్దున లారీ ఎక్కించి దూరంగా వేరే పనికి తీసుకుపోయారు, పిల్లవాడూ వెంట పోయాడు, చీకటి పడితే గానీ రారు. పక్క బస్తీలో అప్పటికే తట్టు వచ్చి ఉంది. వాడికి వేయాల్సింది ఆ టీకానే. నర్సమ్మ పుస్తకంలో వాడి పేరు కింద గీత గీసింది.

తిరుగు దారిలో గుట్ట మీద బండల నీడన ఆగాం. ఆమె సీసాలో నీళ్లు నాకిచ్చింది. నేను తాగలేకపోయాను. గొట్టం నేనే తీశానని చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను.

ఆమె నా చేతిలోని సీసా తీసుకొని మూత బిగించింది. తర్వాత ఎక్కడుందని అడిగింది. మంచం కింద ఉందన్నాను. ఎందుకు తీశావంది. నా లెక్కంతా చెప్పాను. ఆమె ముఖంలో కోపం కాస్త సడలింది.

"సగం లెక్క సరిగ్గానే వేశావే. ఇలా రా. ఆ పెద్ద బండ వైపు తిరిగి గట్టిగా చప్పట్లు కొట్టు."

కొట్టాను. ఎదుటి బండ నుంచి ఆ చప్పుడు తిరిగి వచ్చింది.

చప్పుడు పోయి బండకు తగిలి వెనక్కి వచ్చినట్టే, ఇంజన్‌లోంచి పొగ కొట్టే దెబ్బ కూడా సైలెన్సర్ లోపల తగిలి కొంత వెనక్కి వస్తుందని ఆమె చెప్పింది. మోపెడ్‌లాంటి చిన్న ఇంజన్‌లో పొగ బయటికి పోయే దారి మూసుకోకముందే కొత్త పెట్రోలు లోపలికి వస్తుందట. పొగ వెంట అది కూడా కొంత జారిపోతుందట. వెనక్కి వచ్చే దెబ్బ ఆ జారిపోయేదాన్ని మళ్లీ లోపలికి నెడుతుంది. ఆ నెట్టుడు లేకపోతే మండాల్సిన పెట్రోలు ఊరికే గాలిలో కలిసిపోతుంది.

"మసి పట్టి మూసుకుపోతే పొగ పోలేదు, తీసి పారేస్తే పెట్రోలు నిలవదు. సైలెన్సర్ చేసినవాళ్లు ఆ రెండింటి మధ్య కొలత చూసి చేస్తారు. మా నాన్న షెడ్డుకు పందేల కుర్రాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లకు వేరే కొలతతో గొట్టం చేసిచ్చేవాడు. ఆ బండ్లు ఖాళీ రోడ్డు మీద గాలిలా పోయేవి, ఇద్దర్ని ఎక్కించుకొని మెల్లగా ఎత్తు ఎక్కమంటే చచ్చేవి. పరుగు వేరు, లాగుడు వేరు. నా బండికి కావాల్సింది లాగుడు."

నేను తల ఊపాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆమె నా పక్కన కూర్చుని, ఈసారి నెమ్మదిగా మాట్లాడింది.

"గొట్టం తీసినందుకు నాకు కోపం లేదమ్మా. అది తెలియక చేశావు. పొద్దున వాకిట్లో నేను నా అశ్రద్ధ అన్నప్పుడు గొట్టం ఎక్కడుందో నీకు తెలుసు. అప్పుడు చెప్పి ఉంటే ఐదు నిమిషాల్లో బిగించుకునేవాళ్లం. ఆ పిల్లాడు లారీ ఎక్కకముందే మనం అక్కడ ఉండేవాళ్లం."

నేను లేచి టీకాల డబ్బా ఎత్తుకొని బండి దగ్గరికి నడిచాను.

ఇంటికి వచ్చాక ఆమె పానా నా చేతికే ఇచ్చింది. గొట్టం లోపలికి పెట్టి స్క్రూ నేనే బిగించాను. ఆమె సాయం చేయలేదు, తొందరపెట్టలేదు. మా అమ్మ వచ్చి చూస్తే, "గొట్టం దొరికిందండి" అని మాత్రం చెప్పింది. నేనే తీశానని ఆమె మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు నేనే అమ్మకు చెప్పాను. అమ్మ పరేషాన్ అయింది. రెండు తిట్లు తిట్టింది, తర్వాత పెరుగు వడ్డించింది.

మర్నాడు దవాఖానలో అడిగి మళ్లీ టీకా తెచ్చుకుంది నర్సమ్మ. ఆ మరుసటి తెల్లవారుజామున లారీ రాకముందే ఇద్దరం బయల్దేరాం. గుట్ట దగ్గర నేను దిగబోతుంటే ఆమె వద్దంది. బండి పెద్దగా మోత లేకుండా, ఒకే తీరుగా ఆ ఎత్తంతా ఎక్కింది. గుడిసె ముందు ఆ తల్లి పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుంటే వాడి కాళ్లు కదలకుండా నేను పట్టుకున్నాను. సూది దిగగానే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. అంత హాయిగా ఏ పిల్లవాడి ఏడుపూ నేను వినలేదు.

వానలు మొదలయ్యేలోపు తట్టు ఆ గుడిసెల దాకా వచ్చింది. నలుగురైదుగురు పెద్ద పిల్లలు మంచం పట్టి లేచారు. ఆ పది నెలలవాడికి రాలేదు. నర్సమ్మ ఆ మాట మామూలుగా, బండి తుడుస్తూ చెప్పింది. నేను ఇంకో గుడ్డ తెచ్చి బండి రెండో వైపు తుడిచాను.

ఆ తర్వాత రెండేళ్లకు ఆమెకు బదిలీ అయింది. నేను చదువుకొని, కొండాపూర్‌లో ఒక బడిలో సైన్స్ టీచరుగా చేస్తున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఒక అమ్మాయి మార్కులు కూడటంలో పొరపాటు చేసి, ఆ పిల్ల తప్పిందని రాశాను. అది సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే తెలిసింది. రేపు చూసుకుందామని ఒక అడుగు బయటికి వేశాను కూడా. కానీ అప్పటికి ఆ పిల్ల ఇంటికి చేరి ఉంటుంది, ఇంట్లో వాళ్లు అడుగుతూ ఉంటారు. వెనక్కి వెళ్లి హెడ్మాస్టరుకు చెప్పి, ఆ పిల్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల నాన్న ముందు నిలబడి తప్పు నాదని చెప్పాను.

పొరపాట్లు చేయకుండా ఉండటం నాకు ఈ వయసుకు కూడా రాలేదు. చేసినప్పుడు, చెప్పడానికి ఎంత ఆలస్యం చేస్తున్నానో మాత్రం చూసుకుంటాను. ఆ ఆలస్యంలో ఎవరు లారీ ఎక్కి వెళ్లిపోతారో మనకు తెలియదు.